బ్యాలెట్ పేపర్లో మొదటి పేరు

ఏప్రిల్ రెండో వారంలో ఇంగ్లండు నుంచి వచ్చిన కవరును భద్రయ్య మూడు రోజులు విప్పలేదు. పంపినవాడు వెంకటసుబ్బయ్య అని వెనక రాసి ఉంది. ఒకప్పుడు సింగపూర్‌లోని సెంబవాంగ్ నేవల్ బేస్ స్టోర్సులో ఇద్దరూ పక్కపక్క కౌంటర్లలో పనిచేశారు. 1971లో బ్రిటిష్ నౌకాదళం బేస్ ఖాళీ చేసినప్పుడు వెంకటసుబ్బయ్య వాళ్ల వెనకే లండన్ వెళ్లిపోయాడు. ఏడాదికొక గ్రీటింగ్ కార్డు తప్ప ఉత్తరం రాసే మనిషి కాదు. ఈ వయసులో అలాంటివాడి దగ్గర్నుంచి కవరు వచ్చిందంటే ఎవరో పోయి ఉంటారు. పోయిన కబురు ఈ రోజు విన్నా ఎల్లుండి విన్నా తేడా ఏముందని భద్రయ్య అభిప్రాయం.

విప్పితే లోపల ఉత్తరం లేదు. మడత పెట్టిన రంగుల కరపత్రం ఒకటి ఉంది. 2006 మే నాలుగో తేదీన లండన్ శివారులో ఒక బరో కౌన్సిల్‌కు, అంటే అక్కడి మునిసిపాలిటీకి, ఎన్నికలు. ఆ వార్డులో మూడు సీట్లకూ స్థానికుల సంఘం తరఫున ముగ్గురు నిలబడ్డారు. మొదటి ఫోటోలో నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఆడమనిషి ఒక గ్రంథాలయం మెట్ల మీద నిలబడి ఉంది. గ్రంథాలయాన్ని మూసెయ్యనివ్వం అని కింద రాశారు. దాని కింద పేరు, లీలావతి భద్రయ్య. అంచున ఖాళీలో వెంకటసుబ్బయ్య బాల్‌పెన్నుతో రెండు ముక్కలు గీకాడు. "మన లీల. నీ పేరు పెట్టుకుంది చూశావా?"

భద్రయ్య ముందు ఫోటోని గుర్తుపట్టలేదు. కూతుర్ని ఆయన ఆఖరుసారి చూసింది 1974లో, పాయ లేబార్ విమానాశ్రయంలో. నర్సు ట్రైనింగుకి వెళుతున్న ఆమెకి అప్పుడు పంతొమ్మిదేళ్లు, నడుము దాకా జడ. ఆయన గుర్తుపట్టింది పేరుని.

సింగపూర్ కాగితాల్లో మన ఇంటిపేర్లకి చోటు లేదు. గుర్తింపు కార్డు మీద మనిషి పేరు, దాని పక్కన తండ్రి పేరు, మధ్యలో ఫలానావారి కూతురు అని తెలియజెయ్యడానికి రెండు పొట్టి అక్షరాలు ఉంటాయి. లీల ఇంగ్లండులో దిగినప్పుడు అక్కడి ఆసుపత్రి వాళ్లు తండ్రి పేరునే ఇంటిపేరు అనుకుని రాసుకున్నారు. అక్కడివాళ్లకి ఆమె నర్స్ భద్రయ్య అయింది. 1981లో పీటర్ వుడ్స్ అనే బడిపంతుల్ని పెళ్లి చేసుకున్నాక కూడా ఆ పేరు మానలేదు. పెళ్లికి ముందు తండ్రిని అడగలేదు. పెళ్లి తర్వాత తండ్రి మాట్లాడలేదు. తల్లి చాముండేశ్వరి మాత్రం నెలకోసారి పక్కింటి ఫోన్లో కూతురితో మాట్లాడేది. భద్రయ్యకి అది తెలుసు. తెలియనట్టు ఉండేవాడు.

1988 మార్చిలో చాముండేశ్వరి ఆసుపత్రిలో చేరింది. పదకొండు రోజులుంది. పక్కింటావిడ ఇంగ్లండు నంబరున్న కాగితం తెచ్చి ఇస్తే భద్రయ్య మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. గురువారం ఆమె పోయింది. శుక్రవారం మండాయ్ దహనశాలలో పని ముగిసింది. సోమవారం ఆయన, బేస్ స్థానంలో వచ్చిన షిప్‌యార్డ్ ఆఫీసులో కూర్చుని ఎయిర్‌మెయిల్ కాగితం మీద ఉత్తరం రాశాడు. నలభై ఏళ్లు స్టోర్సు కాగితాలు రాసిన మనిషికి వచ్చిన ఇంగ్లీషు ఒకటే. మీ తల్లి ఫలానా తేదీన మరణించారు, దహనం పూర్తయింది, మీ సమాచారం నిమిత్తం తెలియజేయడమైనది. కింద తేదీ, సంతకం.

ఆ ఉత్తరం పన్నెండోరోజు దాటాక లీలకి అందింది. ఆమె జవాబు కూడా పొట్టిదే. మీ పేరు నాకు అక్కర్లేదు, పాస్‌పోర్టుతో సహా అన్నిచోట్లా తీసేయిస్తున్నాను, ఇకనుంచి నేను లీలా వుడ్స్‌ని. అన్నట్టే తీసేయించింది. అప్పట్నుంచి ఉత్తరం లేదు, ఫోన్ లేదు. పద్దెనిమిదేళ్లు.

అందుకే ఆ కరపత్రాన్ని భద్రయ్య ఒక్క విధంగానే చదువుకున్నాడు. కూతురు క్షమించింది. నలుగురిలో నిలబడవలసి వచ్చినప్పుడు తండ్రి పేరు చెప్పుకుంది. నేరుగా చెప్పలేక ఇలా చెప్పింది. ఆయన కూడా ఏదీ నేరుగా చెప్పే మనిషి కాడు కాబట్టి ఆ పద్ధతి సహజంగానే తోచింది.

మరునాటి నుంచి ఆ కాగితం ఆయన చొక్కా జేబులో ఫ్లాట్ల బ్లాకు కింది కాఫీ షాపుకి వెళ్లిరావడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో సింగపూర్‌లోనూ ఎన్నికలు. దీపస్తంభాలకి పోస్టర్లు కట్టారు. శనివారం ఓటు. కాఫీ షాపు బల్ల చుట్టూ అందరూ వాటి గురించి మాట్లాడుకుంటుంటే భద్రయ్య ఇంగ్లండు బరో కౌన్సిల్ గురించి మాట్లాడేవాడు.

ఆయనతో కూర్చునే దానయ్య షిప్‌యార్డులో వెల్డరుగా చేసి దిగిపోయినవాడు. ఇద్దరూ శ్రీకాకుళం వైపు వాళ్లే. దానయ్య నోటికి అడ్డు లేదు.

"కౌన్సిలరంటే ఏటి పనోయ్? సెత్త బళ్లు చూసుకోడమేగా?" అన్నాడు.

"సెత్త బళ్లు, బడులు, లైబ్రరీలు, అన్నీ."

"అవునులే. మీ స్టోర్సు రక్తం. ఏ సీసా ఏ అరలో ఉందో రాసుకోడం బాగా తెలుస్తాది."

బల్ల అవతల కూర్చున్న చైనా ముసలాయన కరపత్రం తీసుకుని ఫోటో చూసి, "యువర్ డాటర్ ఆ? ప్రెటీ లా. నాట్ లైక్ యూ," అన్నాడు.

నవ్వులయ్యాక దానయ్య గొంతు తగ్గించి అడిగాడు. "పద్దెనిమిదేళ్లకి పేరు గుర్తొచ్చిందేటి బావా? ఫోనేమైనా సేసిందా?"

"చేస్తాది. ఎన్నికలవ్వనీ."

"మరి నువ్వే సెయ్యొచ్చుగా? నంబరు ఇందులో అచ్చేసుంది."

భద్రయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గెలిచాక చేస్తే అభినందించడానికి చేసినట్టు ఉంటుంది. ముందే చేస్తే ఏమని చెయ్యాలో ఆయనకి తెలియలేదు.

ఫలితం ఎలా తెలుస్తుందన్నది అసలు సమస్య. ఇంగ్లండు బరో ఎన్నికల్ని సింగపూర్ టీవీ చెప్పదు. ఆయన తలుపుకి ఎదురు తలుపు కల్పనది. నిజామాబాద్ పిల్ల, ముప్పై నాలుగేళ్లు, తంజోంగ్ పగార్‌లో ఒక బ్యాంకు కోసం సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం. భర్త ప్రణవ్ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు, క్లెమెంటికి పోయి రావడంతోనే అతనికి రోజు గడిచిపోతుంది. ఆ అయిదారేళ్లలో ఐటీ ఉద్యోగాలకి వచ్చిన తెలుగువాళ్లతో బ్లాకు నిండిపోయింది. పొద్దున లిఫ్టులో తెలుగు వినిపించని రోజు లేదు. యాభై ఏళ్ల కిందట బేస్ క్వార్టర్లలో ఎనిమిది తెలుగు కుటుంబాలుంటే అందరూ ఒకరింట్లో ఒకరు తినేవారు. ఇప్పుడు వచ్చిన వాళ్లలో భద్రయ్యని పలకరించి ఇంట్లోకి వచ్చేది కల్పన ఒక్కతే. ఆమెకి ఆయన కథ మొత్తం తెలుసు. ఆయన చెప్పినంతవరకు.

"గంత కష్టమేం లేదంకుల్. కౌన్సిల్ వెబ్‌సైట్ల పెడ్తరు. శుక్రవారం పొద్దుగాల చూద్దాం. నేను పదకొండింటికి పోతే చాలు," అంది.

"తప్పకుండా వస్తాదా?"

"రాకుంటే ఎట్ల? ఓట్లేసినోళ్లకు జెప్పాలె కదా."

శుక్రవారం తొమ్మిది గంటలకు భద్రయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురింట్లో కుర్చీలో కూర్చున్నాడు. కల్పన కంప్యూటర్ ముందు టిఫిన్ తింటూ పేజీని మళ్లీ మళ్లీ తెరుస్తోంది. లండన్‌లో అప్పటికి రాత్రి రెండు దాటింది. ఒక్కో వార్డు ఫలితమే వస్తోంది.

"అంకుల్, మీరు మకాన్ జేసిన్రా, తిన్నరా?"

"అయింది, అయింది. అది వచ్చిందా చూడు."

తొమ్మిదీ ఇరవైకి వచ్చింది. తెర మీద పది పేర్లు, వాటి ఎదురుగా ఓట్లు. అన్నిటికన్నా పైన భద్రయ్య, లీలావతి. ఆయన లేచి నిలబడ్డాడు.

"ఫస్టు వచ్చింది!"

"ఆగుండ్రి అంకుల్. ఇది ఓట్ల వరస కాదు. ఏ బీ సీ డీ వరస. బ్యాలెట్ పేపర్ల ఎట్ల ఉంటయో గట్లనే రాసిన్రు." ఆమె వేలు తెర మీద అడ్డంగా జరిపింది. "వెయ్యీ మూడువందల పద్దెనిమిది. పక్కకు చూడుండ్రి. ఎలెక్టెడ్. గెల్చిన్రు అంకుల్!"

భద్రయ్య కూర్చున్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఆ పేరుని ఎంతసేపు చూశాడో చెప్పలేం. అందులో లీలావతి ముందు లేదు. ఇంగ్లండు పద్ధతి ప్రకారం ఆయన పేరే ముందుంది. తన పేరు పక్కన ఎలెక్టెడ్ అని ఉండడం ఆయన జీవితంలో అదే మొదలు.

"దానయ్యకి సెప్పొస్తాను," అని చెప్పులు వేసుకోకుండానే వెళ్లిపోయాడు.

కల్పన పేజీ మూయలేదు. అంకెల్లో పొంతన వెతకడమే ఆమె ఉద్యోగం. స్థానికుల సంఘం ముగ్గురిలో పైనున్న లీలావతికి ఎక్కువ, మధ్యలో ఉన్న హారిస్‌కి కొంచెం తక్కువ, కింద ఉన్న విల్కిన్సన్‌కి ఇంకా తక్కువ. మొదటి ఇద్దరూ గెలిచారు, విల్కిన్సన్ ఓడిపోయాడు. మిగతా రెండు పార్టీలనీ చూసింది. వాటిలోనూ అంతే. ఒకే పార్టీ మనుషులు, పేరు కాగితం మీద కిందికి పోయేకొద్దీ ఓట్లు తగ్గుతున్నాయి. మూడు ఓట్లు వేసే హక్కున్నవాళ్లు పైనుంచి మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తారు కాబోలు.

పాత ఫలితాలు కూడా అదే వెబ్‌సైటులో ఉన్నాయి. 2002 నొక్కింది. అదే వార్డు. జాబితాలో అట్టడుగున వుడ్స్, లీలా. ముప్పై ఒక్క ఓట్ల తేడాతో ఓటమి.

కల్పన కాసేపు ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూసింది. తర్వాత రెండూ మూసేసి ఆఫీసుకి వెళ్లిపోయింది. లిఫ్టు దగ్గర భద్రయ్య ఎదురొచ్చాడు. చేతిలో మైసూర్‌పాక్ పొట్లం. నాలుగు ముక్కలు ఆమె చేతిలో పెట్టి, సాయంత్రం ఫోన్ చేస్తున్నానని చెప్పాడు.

"ఇయాలే జెయ్యాల్నా అంకుల్? అలసిపోయి ఉంటరు ఆమె. రెండు దినాలు ఆగుండ్రి."

"పద్దెనిమిదేళ్లు ఆగేనమ్మా."

కల్పన మైసూర్‌పాక్ ముక్కలు బ్యాగులో పెట్టుకుని లిఫ్టు ఎక్కింది.

సాయంత్రం అయిదింటికి, అంటే అక్కడ పొద్దున పదింటికి, భద్రయ్య కరపత్రం మీద నంబరుకి ఫోన్ చేశాడు. పక్కన ఎవరూ లేరు. ఈ సంభాషణ గురించి తర్వాత ఆయన ఒక్క దానయ్యకే చెప్పాడు, అదీ ఏడాది గడిచాక.

అవతల గొంతు ఉత్సాహంగా ఇంగ్లీషులో పలికింది. అభినందనల ఫోన్లు వస్తున్నట్టుంది.

"నేనమ్మా. సింగపూర్ నుంచి. భద్రయ్యని."

 అవతలి నుంచి తెలుగులో ఒకే ప్రశ్న.

"ఎవరు పోయారు?"

"ఎవులూ పోలేదు. నువ్వు గెలిచేవని... ఇంటర్నెట్‌లో చూసేం."

"ఓ," అంది లీల. ఆ తెలుగు బీరువాలో మడత పెట్టి ఉంచిన బట్టలా ఉంది. ఎక్కడికక్కడ ఆగి వెతుక్కుంటోంది. "థాంక్యూ."

"పేరు చూసేను. నా పేరు."

అవతల ఊపిరి తీసుకున్న చప్పుడు.

"మీరు దాన్ని... చూడండి. మీరు అలా అనుకుంటారని నేను అనుకోలేదు. అసలు మీకు తెలుస్తుందనే అనుకోలేదు. నాలుగేళ్ల కిందట వుడ్స్ అని నిలబడ్డాను. పేపర్లో ఆఖరి పేరు. ముప్పై ఒక్క ఓట్లతో పోయింది. పైన ఉన్నవాళ్లకి ఎక్కువ పడతాయి, అది ఇక్కడ అందరికీ తెలుసు. మా ఎన్నికల ఏజెంటు మార్గరెట్ అడిగింది, పెళ్లికి ముందు నీ పేరేంటి అని. చెప్పాను. బీ అక్షరం, చాలా మంచిది అంది. ఒక ఏడాది ముందునుంచే అన్నిచోట్లా మార్చుకున్నాను."

"అంతేనా?"

"అంతే."

భద్రయ్య రిసీవరు ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాడు. "పోనీలే. పనికొచ్చింది కదా."

"వచ్చింది," అంది లీల. వ్యంగ్యం ఏమీ లేదు. రోగి బంధువులకి రిపోర్టు చెప్పే గొంతు అది.

ఇక్కడితో పెట్టేసి ఉండొచ్చు. ఇద్దరికీ మర్యాదగా ఉండేది. కాని ఆమే అడిగింది.

"ఫోన్ చేశారు కాబట్టి అడుగుతున్నాను. అమ్మ నా గురించి అడిగిందా, హాస్పిటల్లో?"

లేదు, స్పృహలో లేదు అని చెప్పడానికి వీలుంది. కాదనేవాళ్లెవరూ మిగల్లేదు. పక్కింటావిడ కూడా పోయింది. భద్రయ్య ఎందుకో ఆ పని చెయ్యలేదు.

"అడిగింది. పదకొండు రోజులూ అడిగింది."

"మీరేం చెప్పారు?"

"నీకు ఫోన్ చేసేననీ... నువ్వు బయల్దేరేవనీ సెప్పేను. రేపొస్తాది, ఎల్లుండొస్తాది అని. విమానం ఆలస్యమనీ."

లండన్‌లో ఎక్కడో తలుపు గంట మోగింది. ఎవరో ఆమెని పిలిచారు. 

"అంటే అమ్మ, నేను కావాలని రాలేదనుకుని పోయింది," అంది.

"అలగనుకోలేదమ్మా. ఆఖరిదాకా తలుపు వైపే..."

"చాలు."

భద్రయ్య ఆగాడు.  ఇప్పుడు లీల ఇంగ్లీషులో మాట్లాడింది, ఒక్కో మాటా విడదీసి, ఆయనకి అర్థమయ్యేలా. కౌన్సిల్లో పదవీకాలం నాలుగేళ్లు. అప్పటివరకు ఈ పేరు ఉంటుంది, మధ్యలో మారిస్తే ఓటేసినవాళ్లకి గందరగోళం. నాలుగేళ్లయ్యాక తీసేస్తాను. మీరు మళ్లీ ఫోన్ చెయ్యొద్దు.

"అలాగే," అన్నాడు భద్రయ్య. ఆ మాట అనేసరికి లైన్ తెగిపోయి ఉంది.

నాలుగేళ్లకి ఆయనకి డెబ్భై ఎనిమిది వస్తాయి.

ఏడున్నరకి కల్పన ఆఫీసు నుంచి వచ్చి, తన తలుపు తీయకుండా ఎదురు తలుపు కొట్టింది. భద్రయ్య లైటు వేసుకోలేదు. తలుపు తీసి ఆయనే లైటు వేశాడు. బల్ల మీద మైసూర్‌పాక్ పొట్లం విప్పి ఉంది, ఎవరూ తినలేదు.

"మాట్లాడిన్రా అంకుల్?"

"మాటాడేను."

"ఏమన్నరు?"

ఆయన ఆమె ముఖంలోకి చూడలేదు. గుమ్మం దగ్గర చెప్పుల జత సరిచేస్తున్నట్టు వంగాడు.

"సంతోషించిందమ్మా. వస్తానంది."

"ఎప్పుడు?"

"డిసెంబర్లో. సెలవు దొరికితే ముందే వస్తాది. టికెట్లు చూసుకుంటానంది."

కల్పన భుజానికున్న బ్యాగు తీసి చేత్తో పట్టుకుంది. పొద్దున చూసిన రెండు పేజీలూ ఆమెకి గుర్తున్నాయి.

"మంచిదంకుల్," అంది. "ఒచ్చినంక మా ఇంటికి భోజనానికి పిలుస్తా."

"పిలు, పిలు," అన్నాడు భద్రయ్య. ఇంకా చెప్పుల దగ్గరే వంగి ఉన్నాడు.